ఎడమ కమాను చప్పుడు

ఐతమాన్ తామాంగ్‌కి చెవుడొచ్చిందన్న మాట మానేభంజ్యాంగ్ అనే కొండ ఊరి బండ్ల స్టాండులో వానలు వెనకబట్టే రోజుల్లో పుట్టింది. పుట్టినప్పుడు చిన్నదే. టీ కొట్టు బల్ల దగ్గర బయల్దేరి కూరగాయల సంత దాకా వెళ్ళేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. పిడుగు పడ్డప్పుడు బండికి ఆనుకుని నిలబడ్డాడట, అప్పుడే చెవులు మూసుకుపోయాయట అని ఒకరు. కాదు, గడ్డి కోతకి వెళ్ళినప్పుడు జలగ దూరిందట అని ఇంకొకరు. జలగ సంగతి చెప్పినాయన అది ఏ చెవిలో దూరిందో కూడా చెప్పాడు. ఎవరెలా మొదలుపెట్టినా చివరికి తేల్చేది మాత్రం ఒకటే మాట.

"తన బండి కింద మోగే చప్పుడు తనకే వినపడదట. ఇంక మంచులో ఎదురొచ్చే బండి హారనేం వింటాడు?"

ఆ కొండదారిలో ఇది నవ్వి వదిలేసే మాట కాదు. మంచు దిగితే అక్కడ కళ్ళు పనికిరావు. మలుపు అవతల ఏముందో చెవి చెప్పాల్సిందే. చెవుడున్నవాడి బండి జనం ఎక్కరు, స్టాండువాళ్ళు వాడికి వంతు ఇవ్వరు. ఐతమాన్‌కి బండి నడపడం తప్ప వేరే పని తెలియదు.

అతని బండి వయసులో అతనికంటే పెద్దది. తేయాకు తోటల దొరలు వెళ్ళిపోతూ అమ్మిన పాత ల్యాండ్‌రోవర్. చిన్నప్పుడు దాన్ని కడగడానికి చేరాడు. మీసాలొచ్చాక స్టీరింగు ముందు కూర్చున్నాడు. యజమాని ముసలివాడై అమ్మకానికి పెడితే, మొక్కజొన్న వేసుకునే చెక్క పొలం వదులుకుని అదే బండి కొనుక్కున్నాడు. అప్పట్నుంచీ రాళ్ళదారిలో ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. బుగ్గలో ఎప్పుడూ ఒక ఛుర్పీ ముక్క ఉంటుంది. రాయిలాంటి ఆ ఎండు జున్ను మెత్తబడాలంటే సగం కొండ ఎక్కాలి. అందుకే అతను మాట్లాడడం తక్కువ. మాట్లాడనివాడి గురించి ఏమన్నా చెల్లుతుంది కదా.

అసలు సంగతి శ్రావణంలో మొదలైంది. పైనున్న ఊళ్ళకి బియ్యం బస్తాలూ గ్యాసు బండలూ వేసుకుని వెళ్తుంటే వెనక ఎడమవైపు, బరువు మోసే కమానులో ఒక పట్టీ విరిగింది. బండి కుంటి గొడ్డులా ఒక పక్కకి ఒరిగిపోయింది. సందులో కట్టె దుంగ దోపి, తాడు బిగించి, వానలో తడుస్తూ ఎలాగో దాన్ని బండ్ల మేస్త్రీ జగత్‌బీర్ షెడ్డుకి చేర్చాడు. ఆ బండ్లకి కొత్త సామాను ఎక్కడా దొరకదు. చచ్చినవాటి ఎముకలతోనే బతికున్నవి నడుస్తుంటాయి. షెడ్డు వెనక నాచు పట్టి పడున్న బండి నుంచి జగత్‌బీర్ ఒక పట్టీ ఊడదీసి వేశాడు.

మార్చిన పట్టీ ఒక బరువు మోశాక సర్దుకుంటుంది. అప్పుడు దాన్ని ఇరుసుకి కరిపించే యూ బోల్టుల నట్లు మళ్ళీ చూడాలి. ఆ మాట జగత్‌బీరే చెప్పాడు. బరువు దించి రాగానే తనే కిందకి దూరి, ఒక్కో నట్టునీ సుత్తితో తట్టి చూశాడు. చూసి బయటికొచ్చి, "గట్టిగా ఉన్నాయి మీత్‌జ్యూ. ఇంక నిశ్చింతగా వెళ్ళండి" అన్నాడు.

అతను ఐతమాన్‌ని మీత్‌జ్యూ అనే పిలుస్తాడు, ఐతమాన్ కూడా అతన్ని అంతే. ఇద్దరూ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు సంతలో ఒకర్ని చూసి ఇంకొకరనుకునేవారు, అంత పోలిక. ఒకరు తామాంగ్ తెగ, ఒకరు కమ్మరి కులం. ఇంత పోలికున్న ఇద్దర్ని ఊరికే వదిలేస్తే మంచిది కాదని పెద్దవాళ్ళు కూర్చోబెట్టి, టోపీలు మార్పించి, మీత్ అనే స్నేహబంధం కట్టించారు. ఇది అన్నదమ్ముల వరసకంటే గట్టిది. అన్నదమ్ములు తిట్టుకోవచ్చు, మీత్‌లు తిట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు, ఏకవచనం వాడకూడదు, ఒకరు పోతే ఇంకొకరు మైల పట్టాలి. ఎదుటివాడి పనిలో తప్పుందని నోటితో అనకూడదు. స్టాండంతా అరే ఒరే అని పిలుచుకునే చోట వీళ్ళిద్దరే పెళ్ళివారిలా మీరు, తమరు అనుకుంటుంటే కుర్రాళ్ళకి నవ్వు.

బండి బాగుపడ్డ తర్వాత ఒక పొద్దున, జనంతో కిందకి దిగుతున్నప్పుడు చప్పుడు మొదలైంది. లోయ వైపు మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి ఒక్కటే దెబ్బ. టక్. మళ్ళీ మలుపు దాకా ఏమీ ఉండదు.

వెనక బల్ల మీద కూర్చున్న దావా ముసలమ్మ అరిచింది. "ఒరే ఐతమాన్! నీ బండి కింద ఎవరో తలుపు కొడుతున్నార్రా!"

"తియ్యి ముసలమ్మా, మీ ఆయనేమో!" అన్నారెవరో. ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది.

"ఆయనైతే తలుపు కొట్టడు. తన్నుకునే వస్తాడు. ఐతమాన్, నీకేరా చెప్పేది, వినపడుతోందా?"

ఐతమాన్ బుగ్గలోని ఛుర్పీ ముక్క తీసి చేతిలో పెట్టుకున్నాడు. నములుతుంటే ఆ కరకర తలంతా నిండి ఇంకేమీ తెలియదు. నోరు ఖాళీ అయ్యాక తర్వాతి మలుపులో విన్నాడు. వెనక, ఎడమ. ఇనుము మీద ఇనుము. మొన్న బాగుచేసిన చోటే అని అతనికి అప్పుడే అనుమానమేసింది.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ నోర్దెన్ అనే కుర్ర డ్రైవరు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మీత్ దగ్గరికి వెళ్ళి, మీరు చేసిన దాంట్లో చప్పుడొస్తోందని ఎలా అనడం? దారంతా వెతుక్కుంటే ఐతమాన్‌కి ఒకే మాట దొరికింది.

"జనం ఏదో చప్పుడంటున్నారు మీత్‌జ్యూ. నాకైతే ఏమీ వినపడలేదు. తీరిక ఉంటే ఒకసారి చూస్తారేమోనని."

జగత్‌బీర్ అతని మొహం వంకే చూస్తూ విని తలూపాడు. నోర్దెన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. పుకారు అక్కడ, ఆ మర్యాద మాటలో పుట్టింది. నోర్దెన్ కూడా మంచు దిగితే ఆ దారినే నడపాల్సినవాడు. వినపడలేదని పెద్దాయన నోటంటే విన్నాడు. విన్నదే చెప్పాడు.

జగత్‌బీర్ ఆ రోజు వెనక తలుపు గొలుసుకి గుడ్డ చుట్టాడు. చప్పుడు పోలేదు. రెండోసారి వెళ్తే పొగ గొట్టం పట్టీ మార్చాడు. చప్పుడు పోలేదు. మూడోసారి స్టెప్నీ చక్రం దించి, దాని కింద రబ్బరు పరిచి బిగించాడు. ప్రతిసారీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కీ ఇరుసుకీ ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒకప్పుడు దాన్ని చెవికి ఆనించేవాడని ఐతమాన్‌కి గుర్తుంది. కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాడు. ప్రతిసారీ అతను అదే మర్యాద మాట చెప్పాడు, ప్రతిసారీ షెడ్డులో ఎవరో ఒకరు విన్నారు.

ఈలోపు స్టాండులో అతని వంతు వస్తే జనం పక్క బండికేసి చూడడం మొదలైంది. కుర్రాళ్ళు అతని వెనక చేరి మెల్లగా అనేవారు, "బాబాయ్, నీ టోపీ కాలుతోంది." అతను తిరిగి చూసేవాడు కాదు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. చిన్నతనం నుంచీ ఎవరి వెక్కిరింతకీ తల తిప్పని అలవాటు. అది కూడా చెవుడు లెక్కలోకి పోయింది.

పెంబా షేర్పా వచ్చి చెప్పాడు. బండ్లకి వంతులు వేసే పెద్ద అతనే. "అన్నా, దసైం పండగ వస్తోంది. పండక్కి ముందే కొండెక్కే జనం మొదలవుతారు. ఆలోపు ఆ చప్పుడన్నా తేల్చు, నీ చెవుల సంగతన్నా తేల్చు. రెండూ తేలకపోతే ఈసారి నీకు వంతు లేదు. నా మీద కోపం పెట్టుకోకు."

"కోపమెందుకు" అన్నాడు ఐతమాన్. నిజంగానే అతనికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

ఇంటికొచ్చి భార్య సుకుమాయతో చెప్పాడు. ఆమె పొయ్యి ముందు గుంద్రుక్ పులుసు కలుపుతోంది, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో చేసేది.

"నువ్వు వెనక బల్ల మీద కూర్చోవాలి. నేను నడుపుతా. ఎక్కడ మోగుతుందో చూడాలి."

"ఊళ్ళో అందరి చెవులూ అయిపోయాయి, ఇక నా చెవులా?" అంది గానీ, పొద్దున్నే శాలువా తల మీంచి చుట్టుకుని వచ్చి కూర్చుంది.

స్టాండుకి కాస్త పైన ఒక మలుపుంది. దిగేటప్పుడు ఎడమవైపు లోయ, కుడివైపు గోడలాంటి కొండ. ఐతమాన్ ఆ మలుపు ఎక్కాడు, పైన బండి తిప్పుకున్నాడు, దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మంచు కమ్ముకుని సన్నగా జల్లు పడుతోంది. ఎన్నిసార్లు తిరిగినా చప్పుడు లేదు. నిన్న జనం ఉన్నప్పుడు మోగింది, ఇవాళ ఇద్దరే ఉంటే మోగడం లేదు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి నన్ను బండెక్కించి షికారు తిప్పావు" అంది సుకుమాయ వెనక నుంచి. "అదీ ఒకే మలుపు చుట్టూ. ఇంకెక్కడికైనా పోనీకూడదా?"

ఐతమాన్ బండి ఆపి, వెనక ఖాళీ బల్లల కేసి చూశాడు. తర్వాత అన్నాడు, "బరువు లేదు. అందుకే."

దారి పక్కన కొండ విరిగిపడిన రాళ్ళు కుప్పగా ఉన్నాయి. ఇద్దరూ దిగి ఎత్తడం మొదలుపెట్టారు. ఆమెకి నడుము నొప్పి, అతనికి మోకాలు. ఒక రాయి వేశాక నిలబడి ఊపిరి తీసుకోవడం, ఇంకొకటి వేయడం. పైనుంచి దిగుతున్న పాల డబ్బాల మనిషి ఆగి, "చెవుడికి రాళ్ళ వైద్యమా?" అని అడిగాడు. సుకుమాయ చేతిలో ఉన్న రాయిని చూపిస్తే నవ్వుతూ వెళ్ళిపోయాడు.

రాళ్ళు నిండాక మలుపు దిగారు. టక్.

"ఇక్కడే" అంది ఆమె, అరిచేత్తో బండి అడుగు రేకుని తట్టి. "నా కాళ్ళ కిందే. ఎడమ చక్రం మీదుగా. లోయ వైపు వంగినప్పుడు మాత్రమే."

ఐతమాన్ చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, గోనె పరుచుకుని కిందకి దూరాడు. టార్చి వేసి చూస్తే సంగతి కనపడింది. కమాను పట్టీలని ఇరుసుకి బిగించే నట్లలో ఒకదాని చుట్టూ తుప్పునీళ్ళు ఎర్రగా కారి ఉన్నాయి. దాని పక్కన ఇనుము మీద గీత, రాపిడికి తళతళమంటోంది. వదులైంది. బరువుతో వంగినప్పుడు ఇరుసు వెంట్రుకవాసి జరిగి తిరిగి వచ్చి కొట్టుకుంటోంది. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక మలుపులో ఇరుసు పక్కకి జరుగుతుంది. అప్పుడు బండి ఎటు పోవాలో లోయ చెబుతుంది.

"దొరికింది" అన్నాడు బయటికొచ్చి.

"ఏంటది?"

"నట్టు."

"ఒక్క నట్టా!" సుకుమాయ నడుము పట్టుకుని దారి గట్టు మీద కూలబడింది. "నీ దగ్గర పానా లేదూ? రెండు తిప్పులు తిప్పు. తిప్పి ఇంటికి పద."

"మీత్‌జ్యూ బిగించింది. దాని మీద నేను పానా పెట్టనా?"

"ఎవరు చూస్తారు?"

చూసేవాళ్ళు ఎవరూ లేరు, నిజమే. కానీ అతన్ని కదలనివ్వనిది మర్యాద ఒక్కటే కాదు. ఇన్నేళ్ళలో మీత్ చేతిలో ఒక నట్టు వదులుగా మిగలడం అతను చూడలేదు. ఈ బండికి మిగిలితే రేపు ఇంకో బండికి మిగులుతుంది. ఆ బండిలో ఇలా రాళ్ళు ఉండవు, మనుషులుంటారు.

"రాళ్ళు దింపొద్దు. ఇలాగే షెడ్డుకి పోదాం" అన్నాడు.

"దింపమన్నా దింపే ఓపిక నాకు లేదులే" అంది ఆమె. ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది.

షెడ్డులో ఆ వేళకి జగత్‌బీర్ ఒక్కడే ఉన్నాడు. రేకు కప్పు మీద వాన హోరుమంటోంది. ఐతమాన్ అదే మాట మళ్ళీ చెప్పాడు, ఈసారి కొంచెం చివర కలిపి. "జనం ఇంకా అంటూనే ఉన్నారు మీత్‌జ్యూ. వెనక ఎడమ కమాను దగ్గరేమోనని మా ఇంటిది అంటోంది. ఆడమనిషి మాట, ఏమోలెండి. ఇద్దరం కలిసి ఒకసారి చూద్దామా?"

ఇద్దరూ గోనెల మీద పక్కపక్కన పడుకుని కిందకి దూరారు. జగత్‌బీర్ సుత్తి తీసి వరసగా తట్టాడు. బిగువున్న నట్టు గంటలా పలుకుతుంది, వదులుది మట్టిలా పలుకుతుంది. అతని పానా కంటే అతని సుత్తిని నమ్మేవారు స్టాండులో అందరూ. మొదటిది, ణంగ్. రెండోది, ణంగ్. మూడోది, ణంగ్. నాలుగోది, డబ్.

"నాలుగూ గట్టిగానే ఉన్నాయి" అన్నాడు జగత్‌బీర్.

ఐతమాన్ కదలకుండా పడుకున్నాడు. ఇందాక చూసిన తుప్పు మరక అతని ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

"మీత్‌జ్యూ, నాలుగోది ఇంకోసారి తట్టండి" అన్నాడు మెల్లగా.

జగత్‌బీర్ పలకలేదు. పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా ఉన్నాడు. కింద చీకటి. అతని కళ్ళు ఇనుము మీద ఉన్నాయి, ఐతమాన్ పెదవుల మీద లేవు. ఐతమాన్ మళ్ళీ అన్నాడు, ఈసారి మామూలు గొంతుతోనే. అతను సుత్తిని చేతిలో తిప్పుకుంటూ అలాగే ఉన్నాడు.

అప్పుడు ఐతమాన్‌కి అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు. మాట్లాడేటప్పుడు మొహం వంకే చూడడం. గొలుసుకి గుడ్డ, గొట్టానికి పట్టీ. చప్పుడు ఎక్కడుందో తెలియనివాడు వెతికినట్టే వెతికాడు. మీత్‌కి చెవులు లేవు.

అతను బయట నిలబడ్డ సుకుమాయకి వినపడేలా కేక వేశాడు, "వెనకెక్కి ఎడమ పక్కన గెంతవే!" ఆమె తిట్టుకుంటూ ఎక్కి, రాళ్ళ మీద నిలబడి బండిని ఊపింది. ఐతమాన్ జగత్‌బీర్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ నట్టు మీద ఆనించాడు. ఇరుసు కదిలింది. వేళ్ళ కింద ఇనుము కొట్టుకుంది.

జగత్‌బీర్ చెయ్యి తీయలేదు. ఇంకోసారి కదిలే దాకా ఉంచాడు. తర్వాత మొహం ఐతమాన్ వైపు తిప్పాడు.

"మీకు ఎప్పట్నుంచి వినపడుతోంది?"

ఐతమాన్ టార్చి తన మొహం మీద వేసుకుని, పెదవులు కనపడేలా చెప్పాడు. "నాకేం వినపడలేదు మీత్‌జ్యూ. చేతికి తగిలింది, అంతే."

బయటికొచ్చాక జగత్‌బీర్ చాలాసేపు చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళని మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"పోయిన చలికాలంలో ఒకటి పోయింది. వానలు మొదలయ్యాక రెండోది. ఇంట్లో చెప్పలేదు. పెద్దవాణ్ణయ్యాను, మాట తగ్గింది అనుకుంటున్నారు." గుడ్డ పక్కన పెట్టాడు. "చెవులు పోయిన మేస్త్రీకి బండి ఎవడిస్తాడు? ఇవ్వకూడదు కూడా."

సుకుమాయ గుమ్మం దగ్గర నిలబడి ఇద్దర్నీ చూసింది. షెడ్డు పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.

జగత్‌బీర్ లేచి పొడుగాటి పానా తీసుకుని నట్టు బిగించాడు. బిగించి సుత్తిని తను పట్టుకోలేదు, ఐతమాన్ చేతికిచ్చాడు. ఐతమాన్ తట్టాడు. ణంగ్. తలూపాడు. ఇద్దరూ కలిసి కుడివైపు నాలుగూ కూడా అలాగే చూశారు. రాళ్ళతోనే మలుపు దాకా వెళ్ళి దిగివచ్చారు. ఎక్కడా చప్పుడు లేదు.

మర్నాడు పెంబా స్వయంగా వెనక బల్ల మీద కూర్చుని ఆ మలుపు తిరిగి వచ్చాడు. దిగి, ఐతమాన్ వీపు తిరిగి ఉన్నప్పుడు జేబులోంచి ఈల తీసి సన్నగా ఊదాడు. ఐతమాన్ అలవాటు మరిచి తిరిగి చూశాడు.

"అదీ!" అన్నాడు పెంబా. "నీకు చెవులున్నాయి. నాకు ముందే తెలుసు. రా, కూర్చో. చప్పుడేంటి, ఎందుకొచ్చింది? చెప్పు. నువ్వు మొదట్నుంచీ విన్నానని నలుగురిలో ఒక్క మాట అను. ఇవాళే నీ వంతు నీకు రాస్తా."

ఐతమాన్ బల్ల అంచున కూర్చున్నాడు. చెప్పడం తేలికే. మొదటి రోజే విన్నాను అంటే, మరి మూడుసార్లు షెడ్డుకి వెళ్ళినా ఎందుకు పోలేదంటారు. నట్టు వదులుగా ఉంది అంటే, వదిలిందెవరంటారు. అక్కణ్ణుంచి జగత్‌బీర్ చెవుల దాకా ఈ స్టాండుకి ఒక్క పూట చాలు. టీ కొట్టు దగ్గర నోర్దెన్, ఇంకొందరు ఇటే చూస్తున్నారు. బుగ్గలో ఛుర్పీ ముక్క లేదు, అయినా అతని దవడ నములుతున్నట్టు కదిలింది.

"నేనే ఎక్కడో రాయి మీద కొట్టి ఉంటా" అన్నాడు చివరికి. "నట్టు వదులైంది. చప్పుడు తెలియక అలాగే నడిపాను. మీత్‌జ్యూ వెతికి పట్టి బిగించారు."

"ఈల విన్నావు కదా?"

"ఈల సన్నగా ఉంటుంది, వినపడుతుంది. లావు చప్పుళ్ళు సరిగా అందడం లేదు తమ్ముడూ. వయసు."

పెంబా అతన్ని ఎగాదిగా చూశాడు. "సన్నటిది వినపడి లావుది వినపడకపోవడం ఎక్కడైనా ఉందా?"

"ఉంటుంది" అన్నాడు ఐతమాన్.

పెంబా టోపీ తీసి తల గోక్కున్నాడు. ఏదో దాస్తున్నాడని అతనికి తెలిసింది. ఏం దాస్తున్నాడో తెలియలేదు. నలుగురి ముందు ఒప్పుకున్న మాటని తను కొట్టేయలేడు. "సరే. హారన్ అందుతుంది కాబట్టి బండి ఆపను. కానీ జనాన్ని నీకివ్వలేను. ఎక్కమన్నా ఎక్కరు. పైకి బియ్యం, కిందకి బంగాళాదుంపలు. ఈ సీజన్‌కి అంతే."

"బంగాళాదుంపలు నయం బాబాయ్" అని అరిచాడు నోర్దెన్, చెవిటివాడికి అరిచినట్టే. "తలుపు కొడుతున్నారని గోల చెయ్యవు!"

అందరూ నవ్వారు. ఐతమాన్ కూడా కొంచెం నవ్వాడు. ఇంటికెళ్ళి సుకుమాయకి చెబితే, "నడుము విరిగేలా రాళ్ళు మోసింది ఇందుకా?" అంది. తర్వాత అతని మోకాలికి రాయడానికి ఆవనూనె వేడి చేసింది.

వానలు ఆగి కొండలు తేటపడ్డాయి. దూరపు ఊళ్ళ జనం కెమెరాలు మెళ్ళో వేసుకుని దిగారు. బండ్ల అద్దాలకి శుభానికి కట్టే కొత్త తెల్ల వస్త్రాలు వేలాడాయి. స్టాండులో వంతుల కోసం కుర్రాళ్ళు కీచులాడుకున్నారు. ఐతమాన్ తెల్లవారుతుండగానే బియ్యం బస్తాలు వేసుకుని ఎక్కేవాడు, మట్టి వాసనేసే బంగాళాదుంపలతో దిగేవాడు. బస్తాలు ఎక్కించడం దించడం కూడా అతనిదే. రాబడి తగ్గింది, నడుము నొప్పి కొత్తగా చేరింది. మంచులో ఎదురుపడ్డ బండ్లవాళ్ళు అతని బండిని చూడగానే అవసరానికి మించి హారన్ కొట్టేవారు. తలనొప్పి వచ్చేంత గట్టిగా. అతను పక్కకి ఆపి దారిచ్చేవాడు.

సరుకు దించేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆ తర్వాత పనేమీ ఉండదు కాబట్టి ఐతమాన్ వెళ్ళి జగత్‌బీర్ షెడ్డులో పాత టైరు మీద కూర్చునేవాడు. బండ్లు తెచ్చినవాళ్ళు అతన్ని చూసి, "ఏం పెద్దాయనా, బంగాళాదుంపలేమంటున్నాయి?" అని చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవారు. అరిచి, పాపం అని ఒకరితో ఒకరు అనుకునేవారు. ఆ మాటా అతని ముందే. జగత్‌బీర్ వాళ్ళని టీ తాగి రమ్మని పంపించేవాడు.

వాళ్ళు వెళ్ళాక ఐతమాన్ లేచేవాడు. ఇంజిన్ మీద స్క్రూడ్రైవరు మొన పెట్టి, పిడిని చెవికి ఆనించుకునేవాడు. కిందకి దూరి నట్లని సుత్తితో తట్టేవాడు. తట్టి మీత్ వైపు తిరిగి, పెదవులు కనపడేలా, ఎక్కడుందో చెప్పేవాడు. జగత్‌బీర్ పానా తీసుకునేవాడు.

ఐతమాన్‌కి చెవుడని మానేభంజ్యాంగ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దసైం నుంచి జగత్‌బీర్ షెడ్డుకి వచ్చిన ప్రతి బండి చప్పుడూ విన్నది ఐతమానే.